214 అప్లికేషన్ల తర్వాత: జర్మనీలో ఒక తెలుగు విద్యార్థిని కేసు

ఈ కేసు గురించి రాయడానికి ఆమె ఒప్పుకుంది. పేరు, కంపెనీ, ఊరు చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. నేను జర్మనీలోనే చదువుకుని కొన్నేళ్లు ఇంజినీరుగా పనిచేశాను. ఆరేళ్లుగా ఇక్కడికి వచ్చే మన విద్యార్థులకు ఉద్యోగాల విషయంలో సలహాలిస్తున్నాను. చాలామంది సివి సరిచేయించుకుని, రెండు మూడు సార్లు ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేసి వెళ్లిపోతారు. ఈ అమ్మాయి ఉద్యోగం వచ్చిన రెండు నెలలకు ఏడుస్తూ మళ్లీ ఫోన్ చేసింది. ఆ ఏడుపులో నా పొరపాటుకీ భాగముంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి కాల్

2024 నవంబర్. ఆమెది ఖమ్మం జిల్లా, నాన్న మిర్చి రైతు. బీటెక్ మెకానికల్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ఇంజినీరింగ్ సర్వీసుల కంపెనీలో రెండేళ్లు పనిచేసి, 2021 అక్టోబర్‌లో మాస్టర్స్ కోసం శాక్సనీ రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీకి వచ్చింది. ట్యూషన్ ఫీజు లేదు. కానీ వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, అప్పటి లెక్క ప్రకారం 10,332 యూరోలు చూపించాలి. ఆ డబ్బు కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టారు.

2024 ఏప్రిల్‌లో చదువు పూర్తయింది. ఇక్కడ డిగ్రీ పూర్తిచేసిన విదేశీ విద్యార్థికి చదువుకు తగ్గ ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఇస్తారు. ఆ లోపల బతకడానికి ఏ పనైనా చేసుకోవచ్చు. ఆమె గడువు 2025 అక్టోబర్‌తో ముగుస్తుంది. నా దగ్గరికి వచ్చేసరికి ఏడు నెలలు అయిపోయాయి.

"అక్కా, 214 పెట్టాను. అయిదు ఇంటర్వ్యూలు వచ్చాయి. ఇంట్లో రోజూ అడుగుతున్నారు. ఇంకేం చెయ్యాలో తెలియట్లేదు."

ఎక్సెల్ షీట్ పంపింది. తేదీ, కంపెనీ, ఏ పోర్టల్, ఏం జవాబు వచ్చింది, అన్నీ ఉన్నాయి. అంత పద్ధతిగా రాసుకున్న వాళ్లు నా దగ్గరికి తక్కువగా వస్తారు. ఆ షీట్‌లో సగానికి పైగా కార్ల కంపెనీలు, వాటికి విడిభాగాలు చేసే పెద్ద సంస్థలు. అదే ఏడాది డిసెంబర్‌లో ఫోక్స్‌వాగన్ 2030 నాటికి 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించే ఒప్పందం కుదుర్చుకుంది. ఆ రంగమంతా అలాగే ఉంది. ఉన్నవాళ్లనే తగ్గించుకుంటున్న చోట కొత్తగా వచ్చిన అమ్మాయి తలుపు కొడుతోంది. ఇది ఆమె తప్పు కాదని ముందే చెప్పాను. ఇంట్లోవాళ్లకు కూడా ఈ మాట చెప్పమన్నాను, ఎందుకంటే అక్కడ "ఫలానా వాళ్ల అబ్బాయికి వచ్చింది కదా" అన్న పోలికే నడుస్తుంది.

అయితే పిలిచిన ఆ అయిదు ఇంటర్వ్యూలు ఎందుకు పోయాయన్నది వేరే ప్రశ్న. రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కో ఇంటర్వ్యూని ప్రశ్న ప్రశ్నగా చెప్పించుకున్నాను.

అయిదు ఇంటర్వ్యూల్లో ఒకే సంగతి

మొదటి దాంట్లో ఇంటర్వ్యూ చేసినాయన జర్మన్‌లోకి మారాడు. సివిలో జర్మన్ స్థాయి బి1, అంటే మధ్య స్థాయి, అని ఉంది. నిజానికి ఆమె దగ్గరున్న సర్టిఫికెట్ దానికి ఒక మెట్టు కింద ఉండే ఎ2. బి1 క్లాసులకు వెళ్లింది, పరీక్ష రాయలేదు. మూడో వాక్యానికే ఆగిపోయింది. రెండో దాంట్లో, 'ఎక్స్‌పర్ట్' అని రాసుకున్న ఒక సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ మీద లోతుగా అడిగారు. దాన్ని ఆమె ఒక సెమిస్టర్ ప్రాజెక్టులో మాత్రమే వాడింది. మూడో చోట, హైదరాబాద్ ప్రాజెక్టులో మీరు సొంతంగా చేసిందేమిటని అడిగితే "మా టీమ్ చేసింది, మేం చేశాం" అంటూ పోయింది. వాళ్లు మూడుసార్లు అడిగారట. నాలుగో చోట, చదువుతో పాటు ఈ రెండున్నరేళ్లూ ఏం చేశారంటే "చదువే" అంది. కానీ ఆమె వారానికి 16 గంటలు ఒక గోదాంలో రాత్రి షిఫ్టు చేసింది. పార్సిళ్లు స్కాన్ చేసే పని. చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది. అయిదో చోట జీతం ఎంత ఆశిస్తున్నారంటే "మీరు ఎంతిచ్చినా పర్వాలేదు" అంది.

భాష, సాఫ్ట్‌వేర్, జీతం అని విడివిడిగా చూస్తే అయిదు వేరు వేరు సమస్యల్లా కనిపిస్తాయి. నా నోట్సులో ఆ రాత్రి ఒకే వాక్యం రాసుకున్నాను: "ఈ అమ్మాయి నోట ఒక్కసారి కూడా 'నాకు తెలియదు' అన్న మాట రాలేదు."

ఆమె అబద్ధాలాడే మనిషి కాదు. క్లాసులో లెక్చరర్ "అర్థమైందా?" అంటే అందరం "అయింది సార్" అంటాం. అర్థం కాని వాడు తర్వాత పక్కవాడిని అడుగుతాడు. ఆఫీసులో క్లయింట్ కాల్‌లో మేనేజర్ ముందు "చేస్తాం" అనేసి, ఎలా చేయాలో కాల్ అయ్యాక చూసుకుంటాం. కాదనడం అక్కడ అమర్యాద. ఇరవై ఏళ్లు అలా పెరిగిన మనిషి ఒక్క ఇంటర్వ్యూలో మారిపోదు. జర్మన్ ఇంజినీరు మాత్రం ఆ తటపటాయింపును ఇంకోలా చదువుతాడు: ఈమెకు వచ్చింది ఎంతో, రానిది ఎంతో నాకు తెలియడం లేదు, కాబట్టి పని అప్పగించలేను అని.

ఇక్కడే నేను పొరపడ్డాను. దీన్ని ఇంటర్వ్యూ సమస్యగానే చూశాను.

ఏం మార్చాం

ముందు సివి. ఇక్కడ దాన్ని లేబెన్స్‌లౌఫ్ అంటారు, అది తేదీల వారీగా, ఖాళీ లేకుండా ఉండాలి. నెలల పాటు ఖాళీ కనిపిస్తే తప్పకుండా అడుగుతారు. గోదాం పనిని తేదీలతో సహా పెట్టించాను. ఆ సంస్థ నుంచి ఆర్బైట్స్‌త్సోయ్‌గ్నిస్ తెచ్చుకోమన్నాను. అంటే పని మానేశాక యజమాని ఇచ్చే లిఖితపూర్వక అభిప్రాయం. అది అడిగి తీసుకునే హక్కు చట్టంలోనే ఉంది, పార్ట్‌టైమ్ పనికైనా సరే. "గోదాం వాళ్లు నాకేం రాస్తారక్కా?" అంది. నెల రోజులకు వచ్చింది. అందులో "స్టెట్స్ త్సూ ఉన్జరర్ ఫోలెన్ త్సుఫ్రీడెన్‌హైట్" అని ఉంది. మాటకు మాట చూస్తే 'ఎల్లప్పుడూ మాకు పూర్తి సంతృప్తి కలిగేలా' అని అర్థం. ఈ కాగితాల్లో ప్రతి పదానికీ ఒక మార్కు ఉంటుంది. 'ఎల్లప్పుడూ' అన్న మాట ఉంటే మంచి గ్రేడు, అది తీసేస్తే ఒక మెట్టు కిందికి. 'ప్రయత్నించింది' అని రాశారంటే పని బాగాలేదని. ఆమెకు వచ్చింది రెండో గ్రేడు. అది మామూలు మర్యాద వాక్యమనుకుని నాకు చూపించకుండా పక్కన పెట్టేసింది, నేను అడిగాక తీసింది.

అదే సమయంలో ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆమెకు సలహా ఇచ్చారు: ఒక వెర్క్‌ష్టుడెంట్ ఉద్యోగం, అంటే చదువుకుంటూ చేసే పార్ట్‌టైమ్ ఆఫీసు పని, చేసినట్టు సివిలో కలిపేయమని. "అందరూ పెడుతున్నారట, పెట్టనా?" అని అడిగింది. వద్దన్నాను. నీతి సంగతి పక్కన పెట్టినా, ఇక్కడ ఆ ఉద్యోగానికి కూడా త్సోయ్‌గ్నిస్ అడుగుతారు. లేని కాగితం ఎక్కడి నుంచి తెస్తుంది? ఒకసారి దొరికిపోతే ఉద్యోగంలో చేరాక కూడా ఒప్పందం రద్దు చేయవచ్చు. నా దగ్గరికి ఎవరు ఈ ప్రశ్నతో వచ్చినా నా జవాబు ఇదే, ఇందులో నేను మెత్తబడను.

భాష దగ్గర సివిలో 'ఎ2, బి1 పరీక్ష 2025 ఫిబ్రవరిలో' అని ఉన్నది ఉన్నట్టు రాశాం. ఆమె పరీక్ష రాసింది, పాసైంది. ప్రకటనలు చదవడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. 'ఫెర్‌హాండ్‌లుంగ్స్‌జిషర్' అని ఉంటే బేరసారాలు చేయగలిగేంత జర్మన్ కావాలని. ఆ మాట ఉన్న వాటికి కూడా ఆమె పదుల కొద్దీ పంపింది. 'గ్రుండ్‌కెంట్‌నిస్సె' అంటే ప్రాథమిక జ్ఞానం చాలు. 'గూటె', అంటే మంచి జర్మన్, అని ఉంటే ఎంత రావాలో ఫోన్ చేసి అడగొచ్చు.

ఫోన్ అంటే ఆమెకు గుండె దడ. జర్మన్ ప్రకటనల్లో చాలా వాటికి కింద ఒక మనిషి పేరు, నంబర్ ఉంటాయి. అవి ఫోన్ చేయడానికే పెడతారు. రెండు నిమిషాలు మాట్లాడి పంపిన అప్లికేషన్ని వాళ్లు గుర్తుపెట్టుకుంటారు. నాతో పది సార్లు రిహార్సల్ చేశాక మొదటి కాల్ చేసింది. అవతలి ఆవిడ మధ్యలో ఇంగ్లిష్‌లోకి మారి ఓపిగ్గా మాట్లాడిందట.

కార్ల కంపెనీలు వదిలి చిన్న, మధ్య తరహా సంస్థల వైపు తిప్పాను. ప్యాకింగ్ యంత్రాలు, కొలత పరికరాలు, పంపులు చేసే కుటుంబ సంస్థలు బాడెన్-వుర్టెంబర్గ్, బవేరియా రాష్ట్రాల్లో చిన్న ఊళ్లలో కూడా ఉంటాయి. వాటి పేర్లు మనవాళ్లు విని ఉండరు, అందుకే అక్కడ పోటీ కాస్త తక్కువ. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా పంపినవి 31. పిలుపులు ఆరు.

ఆరోది బాడెన్-వుర్టెంబర్గ్‌లో ఒక చిన్న ఊరు, ప్యాకింగ్ యంత్రాలు చేసే సంస్థ, దాదాపు 300 మంది ఉద్యోగులు. టెస్ట్ ఇంజినీరు పోస్టు. వాళ్లు వాడే కొలతల సాఫ్ట్‌వేర్ తెలుసా అని అడిగారు. ఆమె ఇలా చెప్పింది: "ఇది నేను వాడలేదు. దీనికి దగ్గరగా ఉండేది హైదరాబాద్‌లో రెండేళ్లు వాడాను. నేర్చుకోవడానికి నాకు నాలుగు వారాలు పట్టవచ్చు." బయటికి వచ్చి "పోయిందక్కా, తెలియదని చెప్పేశాను" అని మెసేజ్ పెట్టింది. గోదాం పని గురించి కూడా చాలాసేపు అడిగారట, స్కానింగ్‌లో తప్పులు ఎలా పట్టుకునేవాళ్లు అని. తొమ్మిది రోజులకు ఆఫర్ వచ్చింది. ఏడాదికి 46,500 యూరోలు. చదువు పూర్తయి మూడేళ్లు దాటని వాళ్లకు 2025లో బ్లూ కార్డ్‌కు, అంటే చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతికి, కావాల్సిన కనీస జీతం 43,759.80 యూరోలు, కాబట్టి ఆ చిక్కూ లేదు. మే 1 సెలవు, మే 2న చేరింది. నేను ఫైలు మూసేశాను.

జూలైలో ఫోన్

రాత్రి తొమ్మిదిన్నర. "నన్ను తీసేస్తారక్కా" అంటోంది. ఆరు నెలల ప్రోబెత్సైట్, అంటే ప్రొబేషన్, నడుస్తోంది. ఆ కాలంలో రెండు వారాల నోటీసుతో, కారణం చెప్పకుండా ఎవరైనా ఒప్పందం ముగించవచ్చు. అదే జరిగితే ఆమె ఇక్కడ ఉండే అనుమతి కూడా ప్రశ్నార్థకమవుతుంది. టెన్షన్ పడటం సహజం.

బాస్ సరిగ్గా ఏమన్నాడో ఆ మాటలే చెప్పమన్నాను. "'దాస్ వార్ నిఖ్ట్ గూట్' అన్నాడు. అందరి ముందు." అది బాగాలేదు, అంతే. "ఇంకేమన్నాడు?" అన్నాను. "'ఎందుకు బుధవారమే చెప్పలేదు?' అని."

ముక్కలు పేర్చుకుంటే జరిగింది ఇది. ఒక కొత్త యంత్రం ట్రయల్ రన్ కొలతల రిపోర్టు శుక్రవారానికి అవుతుందా అని సోమవారం బాస్ అడిగాడు. 'యా' అంది. బుధవారం మధ్యాహ్నానికి రెండు సెన్సర్ల అంకెలు పొంతన లేకుండా ఉన్నాయని గమనించింది. తన లెక్కలోనే తప్పుందనుకుంది. ఎవరినీ అడగలేదు. బుధ, గురువారాలు ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్లి అర్ధరాత్రి దాకా కూర్చుంది. ఆ గంటలు ఎక్కడా నమోదు చేయలేదు. శుక్రవారం సగం రిపోర్టు ఇచ్చింది. సోమవారం క్లయింటు రావాల్సిన ట్రయల్ వాయిదా పడింది. తీరా చూస్తే ఒక సెన్సర్ కాలిబ్రేషన్ తప్పు. పక్క బల్ల దగ్గరి టెక్నీషియన్ పది నిమిషాల్లో చూసేవాడు.

ఇంటర్వ్యూలో నాలుగు నెలలు కష్టపడి నేర్చుకున్న 'తెలియదు' అన్న మాట, ఉద్యోగంలో చేరగానే మాయమైంది. చేరాక ఒక్కసారి కూడా దాని గురించి నేను మాట్లాడలేదు. ఇంటర్వ్యూలో అవతలివాళ్లు కొత్తవాళ్లు. ఇక్కడ 'బాస్' ఉన్నాడు, పాత అలవాటు తిరిగి వచ్చేసింది.

ఆమెను ఎక్కువ బాధపెట్టింది అందరి ముందు అనడం. మన దగ్గర మేనేజర్ అందరి ముందు "ఇది బాగాలేదు" అంటే మనిషినే అన్నట్టు. ఇక్కడ చాలా చోట్ల అది పని మీద మాట, భోజనానికి అదే మనిషి పక్కన కూర్చుంటాడు. ఇది చెబితే ఆమెకు వెంటనే నమ్మకం కలగలేదు. మర్నాడు బాస్ ఎప్పటిలా "మాల్‌త్సైట్" అన్నాడా లేదా చూడమన్నాను. మధ్యాహ్నం భోజనం వేళ ఎదురైతే ఇక్కడ ఆఫీసుల్లో అందరూ అనుకునే పలకరింపు అది. అన్నాడట. అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఇంకో సంగతి. బాస్ కోపం రిపోర్టు కంటే ఆ రాత్రి గంటల మీద ఎక్కువ. ఇక్కడ చట్టం ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు, సర్దుబాటుతో పదికి మించకూడదు. పని ముగిసి మళ్లీ మొదలవడానికి మధ్య 11 గంటల విరామం ఉండాలి. పని గంటలు నమోదు చేసే ఏర్పాటు యజమాని బాధ్యతేనని 2022లో ఫెడరల్ లేబర్ కోర్టు తేల్చింది. రాత్రంతా కష్టపడితే మెచ్చుకుంటారని ఆమె అనుకుంది. కంపెనీకి అది తలనొప్పి. జూన్‌లో జ్వరంతో ఆఫీసుకు వెళ్తే పక్కనున్నావిడ ఇంటికి పంపేసిందట. అప్పుడు కూడా అవమానంగా అనిపించి నాకు చెప్పలేదు.

'నువ్వు' సమస్య

చేరిన రోజే బాస్ ఆమెతో 'డూ' అనమన్నాడు. జర్మన్‌లో 'జీ' మన 'మీరు', 'డూ' మన 'నువ్వు'. ఈ తేడా మనకు కొత్త కాదు, నిజానికి ఇంగ్లిష్ వాళ్ల కంటే మనకే త్వరగా అర్థమవుతుంది. చిక్కు ఎక్కడంటే, మన దగ్గర పెద్దాయన 'నువ్వు' అంటాడు, మనం 'మీరు' అంటాం. ఇక్కడ 'డూ' ఇద్దరిదీ. ఆమెకు యాభై ఏళ్లాయనను 'నువ్వు' అనడానికి నోరు రాలేదు. అందుకని రెండు నెలలుగా ఏ సర్వనామమూ లేకుండా వాక్యాలు కట్టుకుంటోంది. అలా కట్టలేని చోట మాట్లాడటమే మానేస్తోంది. సహాయం అడగాలంటే 'నువ్వు నాకు సాయం చేయగలవా' అనాలి, ఆ వాక్యమే రావడం లేదు. ఇది ఆమె నోట విన్నాక నాకు చాలా అర్థమైంది. మర్యాద ఎక్కువై ఆ అమ్మాయి ఒంటరిదైపోయింది.

తర్వాత మూడు నెలలు

మొదట బాస్‌కు ఒక మెయిల్ రాయించాను. క్షమాపణలతో నింపి ఆమె రాసిన పేరా మొత్తం కొట్టేసి నాలుగు వాక్యాలు మిగిల్చాం. బుధవారమే తేడా గమనించాను. నా తప్పనుకుని చెప్పలేదు, చెప్పాల్సింది. ఇకపై గడువులో సగం రోజులు గడిచాక పని ఎక్కడుందో మీకు రాస్తాను. ప్రొబేషన్ సగం కావస్తోంది కనుక నా పని గురించి అరగంట మాట్లాడటానికి సమయం ఇస్తారా.

ఆ మీటింగ్‌కు ఆమె ఒక కాగితం మీద మూడు గళ్లు గీసుకుని వెళ్లింది: నాకు వచ్చింది, నేర్చుకుంటున్నది, రానిది. మూడో గడి ఖాళీగా తీసుకెళ్లబోయింది. కనీసం రెండు రాయకపోతే నేను కాల్ పెట్టేయనన్నాను. ఒకటి పీఎల్‌సీ, అంటే యంత్రాలను నడిపే కంట్రోలర్, ప్రోగ్రామింగ్, రెండోది జర్మన్‌లో ఫోన్‌లో సప్లయర్లతో మాట్లాడటం. బాస్ మొదటిదానికి సెప్టెంబర్‌లో రెండు రోజుల శిక్షణ ఏర్పాటు చేశాడు. రెండోదానికి ఒక సీనియర్ పక్కన కూర్చుని వింటాడని చెప్పాడు.

సహాయం అడగడానికి మేం పెట్టుకున్న నియమం అరగంట. అరగంట సొంతంగా ప్రయత్నించాలి, ఏం ప్రయత్నించిందో రాసుకోవాలి, ఆ తర్వాత లేచి ఆ టెక్నీషియన్ దగ్గరికి వెళ్లాలి. 'డూ' కోసం వారానికి రెండు సాయంత్రాలు నాతో మాట్లాడింది. నన్నే బాస్ అనుకుని 'డూ' అనమన్నాను. మొదటి వారం "అక్కా, మిమ్మల్ని అనలేను" అంది.

అన్నీ కుదరలేదు. ఆగస్టులో ఒకసారి మళ్లీ రాత్రి కూర్చుంది, ఈసారి ఆ గంటలు నమోదు చేసింది. భోజనం ఇప్పటికీ వారంలో మూడు రోజులు ఒంటరిగానే, డబ్బాలో పప్పన్నం వాసన గురించి ఆమె భయం పోలేదు. దాన్ని నేను బలవంతం చేయలేదు. ఊళ్లో తెలుగువాళ్లు ఎవరూ లేరు, శని ఆదివారాలు గడవడం కష్టంగా ఉందని చెబుతుంది. దానికి నా దగ్గర పరిష్కారం లేదు.

నా పద్ధతిలో మాత్రం ఒకటి మారింది. ఇప్పుడు ఎవరికి ఆఫర్ వచ్చినా ఫైలు మూయను. చేరిన మూడో వారంలో ఒకటి, పదో వారంలో ఒకటి, రెండు కాల్స్ తప్పనిసరి. రెండింటిలోనూ మొదటి ప్రశ్న ఒకటే: ఈ వారం ఎవరిని ఏం అడిగావు?

అక్టోబర్ 31, శుక్రవారంతో ఆమె ప్రొబేషన్ ముగిసింది. సోమవారం సాయంత్రం ఫోన్ చేసింది.

"అక్కా, లెటర్ ఏం రాలేదు. అడగాలా?"

"రాదమ్మా. ఇక్కడ ఆరు నెలలు దాటితే దాటినట్టే. లెటర్ వచ్చేది తీసేస్తే."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ రోజు ఉదయం సంగతి చెప్పింది. కొత్త యంత్రం టెస్టింగ్ రెండు వారాల్లో అవుతుందా అని బాస్ అడిగాడట. మూడు వారాలు పడుతుందంది. ఎందుకు అన్నాడట. చెప్పిందట. ఆయన క్యాలెండర్ తెరిచి తేదీ మార్చుకున్నాడట.